పద్నాలుగో నంబరు బస్సు వెళ్ళదు

బస్టాండు వెనక వీధి, మేడమీది గది
ఏప్రిల్ 6

ఒరేయ్ తమ్ముడూ,

మొన్నటి నుంచి పదకొండు సార్లు ఫోన్ చేశావట, మీ బావ చెప్పారు. ఎత్తను. నా గొంతు నీకు ఒకసారి ఇచ్చాను, అది చాలు. ఇకమీద ఏం చెప్పాలన్నా కాగితం మీద రాయి. నేనూ కాగితం మీదే తిడతాను. ఫోన్లో అయితే మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరం చివరిదాకా చదవక తప్పదు.

సోమవారం డిపో మేనేజరు పిలిచి, ఇక అనౌన్స్‌మెంట్లు కంప్యూటరే చెబుతుందని, నన్ను సామాన్ల గదికి మారుస్తున్నామని అన్నాడు. పంతొమ్మిదేళ్ళు ఆ గాజు గదిలో కూర్చుని బస్సుల్ని పిలిచినదాన్ని. ఎందుకని అడగలేదు. అందరి పనుల్లోకీ వచ్చినట్టే నా పనిలోకీ యంత్రం వచ్చిందనుకున్నాను. తాళంచెవి అప్పగించి టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి నెత్తి మీద స్పీకరు పలికింది. పద్నాలుగో నంబరు బస్సు మూడో ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుతుంది అంది.

నా గొంతురా అది. సన్నగా, తొందర తొందరగా, ఎవరో తోక తొక్కితే ఎలుక మాట్లాడినట్టు ఉంది గానీ, నాదే. టీ కొట్టాయన నవ్వాపుకోలేక గిన్నె కింద పెట్టేశాడు. "ఏంటమ్మా, మీరిక్కడుంటే లోపలున్నదెవరు?" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చాయి, పోయిన అక్టోబరులో నువ్వు మా ఇంట్లో ఉన్న ఆ మూడు మధ్యాహ్నాలు. అరచేతంత నీలం పెట్టె ఒకటి తెచ్చావు. కొత్త సౌండు కార్డు, లినక్స్ కంప్యూటరులో సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడాలి, ఏదైనా చదువక్కా అన్నావు. ఏదైనా అన్నవాడివి జేబులోంచి నాలుగు పేజీల జాబితా ఎందుకు తీశావో నాకు తట్టలేదు. ఫ్యాను ఆపించావు, కిటికీలు మూయించావు. చెమటలు కక్కుతూ ఒకటి నుంచి అరవై దాకా నంబర్లు, ప్లాట్‌ఫారాలు, స్టాపుల పేర్లు అన్నీ చదివాను. మధ్యలో దగ్గితే మళ్ళీ చదివించావు. మా తమ్ముడికి ఎంత శ్రద్ధో అని మురిసిపోయి టీ కూడా పెట్టి ఇచ్చాను.

మా ఇల్లు బస్టాండు వెనకే కదా. ఆ ఎలుక గొంతు రోజుకి రెండు వందల సార్లు వంటింట్లోకి వస్తోంది. ఇంట్లో ఒకరు, వీధిలో ఒకరు, ఎవరు ముందు తిడతారో తెలియడం లేదంటున్నారు మీ బావ. నాకు నవ్వు రావడం లేదు.

జవాబు రాయి. సాకులు రాయకు.

అక్క

*

కాంట్రాక్టరు గారి షెడ్డు
ఏప్రిల్ 15

అక్కా,

నిన్ను మార్చాలని డిపో వాళ్ళు నేను మీ ఇంటికి రాకముందే నిర్ణయించుకున్నారు. ఎవరిదో ఒక గొంతు ఎలాగూ పెడతారు, అదేదో నీదే అయితే జనానికి అలవాటైన గొంతు కదా అనుకున్నాను. ముందు చెప్పనందుకు క్షమించు.

గొంతు ఎందుకు అలా వస్తోందో నాకు అర్థమైంది. ఆ రోజు నీలం పెట్టె మీద నీ గొంతుని సెకనుకు 44,100 ముక్కల చొప్పున రికార్డు చేశాను. మీ బస్టాండులో తగిలించినది వేలెడంత చౌక కార్డు. అది 48,000 తప్ప ఒప్పుకోదు. ఆ 48,000 వేగంతోనే వాయించమని రాసిపెట్టాను, పొరపాటు నాదే. సెకనులో చెప్పాల్సినదాన్ని ఇంకా తక్కువలో చెప్పేస్తోంది, అందుకే సన్నగా, వేగంగా ఉంది. ఈ యంత్రాలు పెట్టే కాంట్రాక్టరు దగ్గర పని వదిలి నేను రాలేను. మీ బస్టాండు టైమ్ కీపరుకి కంప్యూటరంటే భయం. నువ్వొక్కసారి వెళ్ళగలవా?

కంప్యూటరులో ఆజ్ఞలు కొట్టే నల్ల తెర తెరిచి aplay -l అని కొట్టు. చివరిది ఎల్ అక్షరం, ఒకటి అంకె కాదు. ఆ యంత్రంలో ఉన్న సౌండు కార్డులన్నీ వరసగా వస్తాయి. ఒకటి లోపలిది, ఒకటి మనం USBకి తగిలించినది. USBది ఒకటో నంబరు అయి ఉండాలి. తర్వాత announce అనే ఫైలు తెరువు. అందులో hw:1 అని ఒకచోట, 48000 అని ఒకచోట ఉంటాయి. 48000 కొట్టేసి 44100 పెట్టు. hw ముందు plug చేర్చి plughw చెయ్యి. అది ఉంటే ఆ వేగాల మార్పిడి లినక్సే చూసుకుంటుంది. ఫైలుని సేవ్ చేసి, యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్ళీ పెట్టు.

స్పీకర్ల దగ్గర గరగర ఉంటే కార్డుని ముందువైపు కాక వెనకవైపు రంధ్రంలో పెట్టి చూడు. కోపం తగ్గాక ఫోన్ ఎత్తు.

తమ్ముడు

*

మేడమీది గది
ఏప్రిల్ 24

స్క్రూగాడా,

చిన్నప్పుడు ఇంట్లో కనిపించిన ప్రతి స్క్రూ ఊడదీసి, బిగించకుండా పారిపోయేవాడివని నాన్న పెట్టిన పేరు. ఆయన మనిషిని సరిగ్గానే పట్టాడు.

నీ ఉత్తరంలో క్షమించమన్నది ఒక్క వాక్యం. మిగతాదంతా నీ కార్డు గోల. నా కుర్చీ లాక్కున్న యంత్రానికి జబ్బు చేస్తే నన్నే మందు వెయ్యమన్నావు. చదివి ముక్కలు చేశాను. తర్వాత కూర్చుని ఆ ముక్కలు అంటించాను. నీ కోసం కాదు. బుధవారం నెలలు నిండిన ఒకావిడ, పదహారో నంబరు అని వినాల్సింది పదమూడని విని వేరే బస్సెక్కి రెండు గంటలు తిరిగింది. సామాన్ల గదికి వచ్చి, మీ గొంతు విని ఎక్కానమ్మా అంది.

గాజు గదిలోకి నేను వెళితే టైమ్ కీపరు లేచి నిలబడ్డాడు, ఆ కుర్చీ ఇంకా నాదే అన్నట్టు. నువ్వు వద్దన్నా ఎల్ బదులు ఒకటి కొట్టాను. తప్పని వచ్చింది. మళ్ళీ కొట్టాను. కార్డులు వచ్చాయి. అంకె మార్చి, plug చేర్చడం మరిచిపోయాను. అసలు మాటే ఆగిపోయి, ఆ వేగం కుదరదని తెర మీద ఇంగ్లీషులో తిట్టింది. టైమ్ కీపరు ముఖం పాలిపోయింది. అప్పుడు plug చేర్చాను. ఆపి, పెట్టాను.

పలికింది. నా గొంతు నా గొంతులాగే వచ్చింది. అది ఇంకా ఘోరంగా ఉందిరా. ఎలుకలా ఉన్నప్పుడు ఎవరో నన్ను వెక్కిరిస్తున్నారని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు నేనే లోపల కూర్చుని, నేనే బయట నిలబడ్డాను.

మొన్న కరెంటు పోయి వచ్చాక మొత్తం మూగబోయింది. తెర మీద అంతా బాగానే ఉంది, స్పీకర్లలో చప్పుడు లేదు. టైమ్ కీపరు సామాన్ల గదికి పరుగెత్తుకొచ్చి నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దానికేం చెయ్యాలో రాయి. నా పాత మైకుని ఏ మూల పారేశారో కూడా రాయి.

ఇంకొకటి, సూటిగా అడుగుతున్నాను. నా గొంతు పెట్టింది ఈ ఒక్క బస్టాండులోనేనా?

అక్క

*

పని చేస్తున్న చోటు
మే 3

అక్కా,

నువ్వు అంత చెయ్యగలవని అనుకోలేదు. మా దగ్గర చేరిన కొత్తవాళ్ళు plug దగ్గర వారం రోజులు కొట్టుకుంటారు.

మూగబోయింది ఎందుకంటే, కరెంటు వచ్చినప్పుడు ఏ కార్డు ముందు లేస్తే దానికి సున్నా, రెండోదానికి ఒకటి అని నంబరు పడుతుంది. ఈసారి USBది ముందు లేచి ఉంటుంది. మన ఫైలేమో ఒకటినే పిలుస్తోంది. పలుకుతున్నది లోపలి కార్డు, దానికి స్పీకర్లు లేవు. కాబట్టి నంబరుతో పిలవడం మానేసి పేరుతో పిలువు. plughw:1 కొట్టేసి plughw:CARD=Device అని రాయి. ఆ చౌక కార్డు పేరు Device. ఇక ఏ వరసలో లేచినా అదే పలుకుతుంది.

నీ మైకు పారెయ్యలేదు. గాజు గదిలో బల్ల కిందే ఉంది, దాని తీగ ఆ USB కార్డుకే తగిలించి ఉంచాను. నోరు మాత్రం మూసి ఉంది. ఎప్పుడైనా కావాలంటే alsamixer అని కొట్టి, F6 నొక్కి USB కార్డు ఎంచుకో. Mic అనే గడి కింద MM అని ఉంటుంది, అంటే మూసి ఉందని. బాణాలతో దాని మీదికి వెళ్ళి M నొక్కితే తెరుచుకుంటుంది. మైకు స్పీకరు వైపు తిరిగి ఉంటే కూత పెడుతుంది, చూసుకో.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. బావగారిని అడిగానని చెప్పు.

తమ్ముడు

*

మేడమీది గది
జూన్ 12

తమ్ముడికి,

నేను సూటిగా అడిగాను. నువ్వు ఎండల గురించి రాశావు. అప్పుడే తెలుసుకోవాల్సింది.

నిన్న చిన్నత్త వచ్చింది. మరిది కూతురిని చూడడానికి ఆ కొండల వైపు ఊరికి వెళ్ళిందట. బస్సు దిగేసరికి నేను పిలిచానట. ఈవిడ ఇక్కడికెప్పుడు బదిలీ అయింది, మాటైనా చెప్పలేదే అని గాజు గది దాకా వెళ్ళి చూస్తే గది ఖాళీ. పక్కన చెప్పుల దుకాణంలో ఒకావిడ చెప్పులు అమ్ముతోందట. పన్నెండేళ్ళు ఆ గదిలో అనౌన్సరుగా చేసిందట. ఆవిడ చిన్నత్తతో, మా బస్టాండులోకి ఎవత్తో వచ్చి కూర్చుందండీ, కంటికి కనిపించదు, తిడదామంటే మనిషి లేదు అన్నదట. చిన్నత్త తిరుగు బస్సెక్కి వచ్చేసింది. ఆ ఎవత్తో తన మేనకోడలేనని చెప్పలేకపోయిందట.

ఎన్ని ఊళ్ళురా? ఎంతమంది కుర్చీల్లో నన్ను కూర్చోబెట్టావు? నా ఒక్కదాని పని పోతే తిట్టి ఊరుకునేదాన్నేమో. మీ అందరి పనులూ పోయినా నాకేం అని నేను ఊరూరా తిరిగి చెప్పినట్టయింది. రోజంతా, ప్రతి పది నిమిషాలకీ, ఆ ఆడవాళ్ళ చెవుల్లోనే.

అంకె రాయి. ఒక్క అంకె. ఇంకేమీ రాయకు.

*

కాంట్రాక్టరు గారి షెడ్డు
జూన్ 20

అక్కకు,

తొమ్మిది. మీది కాక తొమ్మిది.

ఇంకేమీ రాయొద్దన్నావు, రాస్తాను. ఎప్పుడూ నువ్వు మాట్లాడతావు, ఊరంతా వింటుంది, ఇంట్లో నేను వింటాను. ఈసారి నువ్వు చదువు.

నాకు ఈ పని దొరక్కముందు మూడేళ్ళు ఖాళీగా ఉన్నాను. ప్రతి నెలా మీ ఇంటికి వచ్చి తిన్నాను. నువ్వు ఒక్కమాట అనలేదు. అనకపోవడం ఎంత పెద్ద మాటో నీకు తెలియదు. వాడింకా ఏదో వెతుక్కుంటున్నాడు అని పక్కింటివాళ్ళతో నువ్వు మెల్లగా చెప్పడం గోడ ఇవతల నుంచి విన్నాను. ఈ కాంట్రాక్టరు, వారంలో గొంతు తేగలవా, తెస్తే పది బస్టాండుల పనీ నీకే అన్నాడు. తేగలనన్నాను. నిన్ను అడిగితే వద్దంటావని తెలుసు. తోటివాళ్ళ పొట్ట కొట్టను అంటావని కూడా తెలుసు. అందుకే అడగలేదు. అందుకే కార్డు పరీక్ష అన్నాను. మీకన్నా ముందు ఆ తొమ్మిది చోట్లా నవంబరులోనే పెట్టేశాం.

ఎలాగూ తిడుతున్నావు కాబట్టి అదీ రాసేస్తున్నాను. గొంతు ఇచ్చినవాళ్ళ ఒప్పుదల కాగితం కావాలన్నారు. దాని మీద నీ సంతకం నేనే పెట్టాను.

ఇప్పుడు నీ ఇష్టం.

*

గాజు గది, బస్టాండు
జులై 19

తమ్ముడికి,

నీ ఉత్తరానికి నెల రోజులు జవాబు రాయలేదు. రాస్తే ఏం రాసేదాన్నో నాకే భయం వేసింది. ఇవాళ వేరే సంగతి రాయాలి.

నాలుగు రోజుల నుంచి ఒకటే వాన. గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి ఏటి వంతెన మీదికి నీళ్ళొచ్చాయి. పద్నాలుగో నంబరు ఆ దారినే వెళ్ళాలి. బస్సు ఆపేశారు. ఏటి అవతలివాళ్ళ కోసం ఆరో ప్లాట్‌ఫారం నుంచి చుట్టుదారి బస్సు వేశారు. టైమ్ కీపరు వానలో నిలబడి, ఆరు, ఆరు అని అరుస్తున్నాడు. జనం ఆరు వైపు కదిలారు. అప్పుడు నెత్తి మీద నేను చెప్పాను. పద్నాలుగో నంబరు బస్సు మూడో ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుతుంది.

నేనంటే నీ యంత్రం. దానికి టైమ్ టేబుల్ తెలుసు, వాన తెలియదు. జనం టైమ్ కీపరుని వదిలేసి వెనక్కి తిరిగారు. ఆమె చెబుతోంది కదా అన్నారట. పంతొమ్మిదేళ్ళుగా నేను చెప్పింది తప్పలేదు మరి. మూడు వైపు పరుగు, మళ్ళీ టైమ్ కీపరు అరుపు, మళ్ళీ ఆరు వైపు పరుగు. ఆ రెంటి మధ్యా ఒక బస్సు వెనక్కి వస్తోంది. నేను సామాన్ల గది గుమ్మంలో ఉన్నాను. ఒకాయన గొడుగుతో సహా జారి పడ్డాడు. చక్రం ఆయన పాదం మీదికి ఎక్కింది.

నేను వెళ్ళి ఆయన తల పట్టుకున్నాను. బట్టలు కుట్టే ఆయన, నాకు తెలిసిన మనిషే. నా ముఖం చూసి, "అమ్మా, మూడు అన్నది మీరే కదా," అన్నాడు. కోపంగా కాదు. ఏదో తను సరిగ్గా వినలేదేమో అని అడిగినట్టు.

ఆయన్ని ఆసుపత్రికి పంపి గాజు గదిలోకి వెళ్ళాను. యంత్రం మళ్ళీ నోరు తెరవడానికి రెండు నిమిషాలుంది. నీ ప్రోగ్రామును చంపేశాను. alsamixer కొట్టాను, F6, USB కార్డు, Mic, M. తొందరలో మొదట పక్క గడి మూశాను, మళ్ళీ తెరిచాను. బల్ల కింద నుంచి మైకు లాగితే స్పీకర్లన్నీ ఒక్కసారి కూతపెట్టాయి. గోడ వైపు తిప్పాను. అప్పుడు చెప్పాను. "పద్నాలుగో నంబరు బస్సు వెళ్ళదు. వంతెన మునిగింది. ఎవరూ పరుగెత్తకండి. ఉన్నచోటే నిలబడండి, ఒక్కొక్కరికీ చెబుతాను."

మధ్యాహ్నం రెండింటి దాకా చెబుతూనే ఉన్నాను.

సాయంత్రం డిపో మేనేజరు వచ్చి, బస్సు రద్దయినప్పుడు చెప్పే మాటలు కూడా యంత్రంలోకి చదివి పెట్టమన్నాడు. అప్పుడు వెలిగిందిరా నాకు. నువ్వు నాచేత నాలుగు వందల మాటలు చదివించావు. 'వస్తుంది' ఉంది, 'బయలుదేరుతుంది' ఉంది, 'నిలిచి ఉంది' ఉంది. 'వెళ్ళదు' అనే మాట లేదు. 'రాదు' లేదు. 'ఆగండి' లేదు. పంతొమ్మిదేళ్ళలో నేను పదే పదే చెప్పింది ఆ మాటలే. ఆ జాబితా రాసినవాడు ఒక్క రోజైనా బస్సు కోసం నిలబడ్డాడా? నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని. అడగలేదు. అడిగితే వద్దంటానని భయం.

చదవనని మేనేజరుతో చెప్పాను. ఆ ఒప్పుదల కాగితం మీద ఉన్న సంతకం నాది కాదని కూడా చెప్పాను. నీ పేరు చెప్పలేదు. అది నువ్వే చెప్పుకో.

అక్క

*

అద్దె గది
ఆగస్టు 11

అక్కా,

ఆ జాబితా రాసింది నేనే. వ్యానులో కూర్చుని, ఒక గంటలో. బస్సు రాకపోతే ఏమిటని నాకు తట్టలేదు, ఎవరూ అడగలేదు.

నీ ఉత్తరం కాంట్రాక్టరుకి చదివి వినిపించాను. అంతా విని, మంచిదే, ఆ నాలుగు మాటలూ మీ అక్కచేత చదివించుకురా అన్నాడు. ఆ మాట విన్నాక నా ఒళ్ళు మండింది. అప్పటిదాకా నీ మీద కోపంగా ఉన్నాననుకున్నాను, నిజంగా ఎవరి మీదో అప్పుడు తెలిసింది. సంతకం నేనే పెట్టానని అందరి ముందూ చెప్పాను. చాలాసేపు అరిచాడు. తర్వాత భయపడ్డాడు. నీ గొంతు అన్నిచోట్ల నుంచీ తీసెయ్యమని నన్నే పంపాడు. పన్నెండు రోజులు తిరిగి ఒక్కో యంత్రంలోనూ ఫైళ్ళు చెరిపేశాను. చివరి ఊళ్ళో తుడిచిన రోజే నన్ను పనిలోంచి తీసేశాడు.

నాలుగు చోట్ల పాత అనౌన్సర్లని మళ్ళీ పిలిచారు. మిగతా ఐదు చోట్ల ఇంకో గొంతు కోసం వెతుకుతున్నారు. అవి నేను ఆపలేకపోయాను. చెప్పుల దుకాణం ఆవిడని పిలవలేదు. స్పీకరు తీగ విప్పడానికి నేను ఆమె దుకాణం ముందు నుంచే నిచ్చెన పట్టుకుని వెళ్ళాను, ఆవిడ వైపు చూడలేదు.

కుట్టుపనాయన పాదం ఎలా ఉంది?

తమ్ముడు

*

గాజు గది, బస్టాండు
సెప్టెంబరు 2

తమ్ముడూ,

ఆయనకి రెండు వేళ్ళు తీసేశారు. కుట్టుమిషను ఎడమ కాలితో తొక్కడం నేర్చుకుంటున్నాడు. నేను వెళ్ళినప్పుడల్లా కుర్చీ వేస్తాడు. నిన్ను ఒక్కమాట అనడు, నీకు ఆ అదృష్టం ఉంది. నాకు మాత్రం కోపం తగ్గలేదు.

నన్ను వానలు తగ్గేదాకా గాజు గదిలో ఉండమన్నారు. తర్వాత సంగతి తర్వాత. మైకు నీ చౌక కార్డు మీదే నడుస్తోంది. బాగానే ఉంది, దాని తప్పేముంది.

ఆదివారం ఆ కొండల వైపు ఊరికి వెళ్ళాను. చెప్పుల దుకాణం మూసి ఉంటే ఇల్లు అడుగుతూ వెళ్ళాను. తలుపు వేసి ఉంది. ఎవరండీ లోపల అన్నాను. అంతే. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తలుపు తీసి ఆవిడ నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూసింది. నేను నా పేరు చెప్పబోయాను. "అక్కర్లేదు. తొమ్మిది నెలలు విన్నాను," అంది.

లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబెట్టి తిట్టింది. ఎదురింటివాళ్ళు బయటికొచ్చి చూశారు. నాకు తెలియకుండా జరిగిందని చెబుదామనుకున్నాను. ఆవిడ పన్నెండేళ్ళ గురించి చెబుతుంటే ఆ మాట పక్కనపెట్టి విన్నాను. చివరికి ఊపిరి తీసుకుని, మా రాతి గనుల స్టాపు పేరు ఒత్తు లేకుండా పలికావు, తొమ్మిది నెలలూ తప్పే పలికావు, ఆ ఊరివాళ్ళు ఎంత బాధపడ్డారో తెలుసా అంది. సరిగ్గా ఎలా పలకాలో చెప్పమన్నాను. చెప్పింది. నేను అన్నాను. కాదంది. మళ్ళీ అన్నాను. మూడోసారి తలూపింది. అప్పుడు జరిగి, గుమ్మంలో కూర్చోవడానికి చోటిచ్చింది.

నిన్ను క్షమించానని రాస్తానని ఆశపడకు. నువ్వు చేసిందానికి పని పోగొట్టుకున్నావు, అది నీకూ కాంట్రాక్టరుకీ మధ్య లెక్క. ఆ ఆడవాళ్ళకి దాంతో ఏం పని? ఇంకా ఎనిమిది మంది ఉన్నారు. ఆ ఊళ్ళన్నీ నీకు తెలుసు. నిచ్చెన లేకుండా వెళ్ళు. తలుపు కొట్టు. నీ గొంతు వాళ్ళు గుర్తుపట్టరు కాబట్టి, నువ్వెవరివో, ఏం చేశావో మొదటి మాటలోనే చెప్పు. ఎంతసేపు తిడితే అంతసేపు నిలబడు. వాళ్ళలో ఎవరైనా ఇంకా ఆ పని కావాలంటే, డిపోకి అర్జీ రాసిపెట్టు, ఆవిడ సంతకం ఆవిడచేతే పెట్టించు.

ఎనిమిదో ఇల్లు అయ్యాక రాయి. అంతవరకూ రాయకు.

అక్క